రెండు చిత్రములు – ఒకే దేహము

బాలలారా! భూగోళ పాఠమునందు పలుచని కాగితముపై నదిని గీసి, దానిని పర్వతముల పటముపై నుంచి చూచియుందురు. అంచులు కుదిరినచో నది లోయలో పాఱును. అంగుళము తొలగినచో కొండ నెక్కును. తరగతిలో నందఱును నవ్వుకొందురు. వైద్యుని బల్లపై నట్టి పొరపాటు రోగికి ముప్పు తెచ్చును.

సి.టి. యంత్రము ఎక్స్-కిరణములతో దేహమును పొరలు పొరలుగా చిత్రించును. 1971 లో లండనునందు, హౌన్స్‌ఫీల్డు నిర్మించిన ఈ యంత్రముతో తొలిసారిగా ఒక రోగి మెదడును చిత్రించిరి. ఏ యవయవ మెచ్చట నున్నదో ఇందు స్పష్టము. కాని చికిత్స పిమ్మట మిగిలిన కంతి సజీవమో, మృతకణముల ముద్దయో తెలియదు. పెట్ యంత్రపు మార్గము వేఱు. రేడియోధార్మికత గల చక్కెరవంటి ద్రవ్యమును సిరలోనికి ఎక్కింతురు. పెక్కు కేన్సరు కణములు దానిని ఆబగా గ్రహించి చిత్రమున వెలుగును. (ఆరోగ్యవంతుని మెదడును అట్లే వెలుగును, చూచువాడు తొందరపడరాదు.) అయితే ఆ వెలుగు చీకటిలోని దూరపు దీపమువంటిది; ఏ యింట నున్నదో చెప్పజాలదు.

కనుక చిత్రములను కలుపవలెను. ఎట్లు? రోగి ఒక యంత్రమున చేతులు పైకి చాచి, వేఱొకదానిలో ప్రక్కల నుంచుకొని పరుండును. పైగా, సి.టి.లో తెల్లనైన ఎముక, అయస్కాంతశక్తితో తీయు ఎం.ఆర్.ఐ. చిత్రమున నల్లగా నుండును. తెలుపును తెలుపుతో జతపఱచి లాభము లేదు. 1995 లో బెల్జియమునందలి ల్యూవెన్‌లోను, అమెరికాలోని మసాచుసెట్సులోను పండితులు వేర్వేరుగా ఒకే యుపాయమును ప్రకటించిరి. కంప్యూటరు ఒక చిత్రమును రెండవదానిపై కొద్దికొద్దిగా జరుపును, త్రిప్పును. ప్రతిమాఱును, ఒకదానిలోని ఛాయను చూచి రెండవదానిలోని ఛాయ నెంత నిశ్చయముగా ఊహింపవచ్చునో లెక్కించును. ఆ నిశ్చయము అత్యధికమైన చోట చిత్రములు కుదిరినట్లు. తెలుపునకు ఎల్లప్పుడు నలుపే జోడైనను చాలును! నాకు మిక్కిలి ముచ్చట గొలుపు తర్క మిది.

తల విషయమున ఇది సుకరము. కపాలము వంగదు గదా! మెత్తని యుదరముతోనే చిక్కు. టౌన్‌సెండు, నట్ అను వారు సి.టి.ని, పెట్‌ను ఒకే యంత్రమున జోడించిరి. 1998 లో అది అమెరికాలోని పిట్స్‌బర్గున పనిచేయ నారంభించెను. రోగి బల్లపైనుండి లేవకయే రెండు చిత్రములును పూర్తియగును.

అయినను ఊపిరి ఆగదు. సి.టి. కొన్ని సెకనులలో ముగియును. పెట్‌కు పలు నిమిషములు పట్టును. ఆలోగా శ్వాసతోపాటు కాలేయము క్రిందికి, పైకి కదలుచునే యుండును. అందుచే కాలేయపు పైయంచున నున్న కంతి, కలిపిన చిత్రమున ఊపిరితిత్తి యడుగున నున్నట్లు కనబడుట కలదు. ఒక యవయవపు రోగము రెండవదాని కంటగట్టబడును, చికిత్సయే మాఱిపోవును. అందులకే అనుభవశాలియగు వైద్యుడు, కలిపిన చిత్రమును చూచిన పిమ్మట, విడివిడి చిత్రములను గూడ మరల తెఱచి చూచును.