రెంటచింతల ఎండ



వేసవి వస్తే చాలు, వార్తల్లో ఒక ఊరి పేరు వినపడుతుంది. ఆ ఊరు రెంటచింతల. అది ఎక్కడో లేదు. మన పల్నాడులోనే, గురజాలకీ మాచర్లకీ మధ్య ఉంది. అక్కడ వాతావరణ శాఖ వాళ్లు ఎండను కొలుస్తారు. ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు మన పెద్దలు చూశారు. మనమూ చూస్తున్నాం.

పల్నాడు సముద్రానికి దూరం. రాతి నేల. అందుకని ఇక్కడ ఎండ మొదటి నుంచీ ఎక్కువే. కానీ ఇప్పుడు ఎండ ఒక్క పల్నాడులోనే కాదు, భూమి అంతటా పెరుగుతోంది. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. లెక్కలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి చూస్తే, భూమి మీద అన్నిటికన్నా వేడిగా ఉన్న ఏడాది 2024.

"సూర్యుడు ఎప్పుడూ ఉండేవాడేగా! మరి ఎండ ఎందుకు పెరిగింది?" అని మీరు అడగవచ్చు.

మంచి ప్రశ్న. సూర్యుడు మారలేదు. మన చుట్టూ ఉన్న గాలి మారింది.

భూమికి కప్పిన దుప్పటి

చలికాలం దుప్పటి కప్పుకుంటాం. ఒంటి వేడి బయటికి పోదు. వెచ్చగా ఉంటుంది. భూమికి కూడా గాలి ఒక దుప్పటి. అది లేకపోతే భూమి గడ్డకట్టుకుపోతుంది.

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది కంటికి కనపడదు. గాలిలో కలిసి వందల ఏళ్లు ఉంటుంది. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో ఈ వాయువు ఎంత ఉండేదో, ఇప్పుడు దానికి ఒకటిన్నర రెట్లు ఉంది. అంటే భూమి దుప్పటి మందం అయింది. వేడి బయటికి పోవడం లేదు.

భూమి వేడి ఇప్పటికి ఒక డిగ్రీకి పైగా పెరిగింది. "ఒక్క డిగ్రీయేగా!" అనుకోకండి. ఒంట్లో వేడి ఒక్క డిగ్రీ పెరిగితే జ్వరం అంటాం. పని చేయలేం. భూమికీ అంతే. ఎండ ముదురుతుంది. వాన అదను తప్పుతుంది. పడితే ఒక్కసారే కుమ్మరిస్తుంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తడిసిపోతాయి.

ఈ పొగ ఎవరిది?

ఎక్కువ పొగ పెద్ద దేశాలది. పెద్ద ఫ్యాక్టరీలది. కార్లది, లారీలది. మనకు దగ్గరలో ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు ఉన్నాయి. సున్నపురాయిని కాలిస్తే బొగ్గు పొగే కాదు, రాయిలో నుంచి కూడా బొగ్గుపులుసు వాయువు వస్తుంది.

కూలికి పోయే ఆడమనిషి వల్ల భూమి వేడెక్కలేదు. ఆ మాట ఎవరన్నా అంటే నమ్మకండి. కానీ ఆ వేడి దెబ్బ ముందు తగిలేది ఆమెకే. మిరపకోతకు పోయేది ఆమె. బిందె పట్టుకుని నీళ్లకు పోయేది ఆమె.

మన ఇంట్లో పొగ

ఇంకో పొగ ఉంది. అది మన పొయ్యిలోది.

పత్తి తీత అయిపోయాక పత్తికట్టె తెచ్చుకుంటాం. మిరపకట్టె, కందికట్టె, కంప, పిడకలు కూడా వాడతాం. గొట్టంతో ఊది ఊది మంట పెడతాం. కళ్లు మండుతాయి. దగ్గు వస్తుంది. చంకలో బిడ్డ కూడా ఆ పొగే పీలుస్తుంది.

ఈ పొగ ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. గుండెకు చెరుపు. పసిపిల్లలకు నిమ్ము చేస్తుంది. ఇళ్లలో పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఇంట్లో మగవాళ్లు కొందరు అంటారు: "కట్టె ఊరికే వస్తుంటే గ్యాసుకు డబ్బు తగలెయ్యడం ఎందుకే?"

కట్టె నిజంగా ఊరికే వస్తుందా? లెక్క వేయండి. కట్టె ఏరడానికి, కొట్టడానికి, మోయడానికి వారంలో ఎన్ని గంటలు పోతాయి? ఆ గంటలకు కూలి ఎంత? దగ్గు మందుకు, డాక్టరుకు ఎంత? కట్టె ఖరీదును మనం రూపాయల్లో ఇవ్వడం లేదు. ఊపిరితో ఇస్తున్నాం.

పొగ తగ్గే దారులు

గ్యాసు: 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2024 నవంబరులో దీపం-2 మొదలైంది. అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అన్నారు. మీ పేరు ఉందో లేదో గ్యాసు ఏజెన్సీలో అడగండి. గ్యాసు కూడా భూమిలో నుంచి తీసిందే. అయినా వంటింట్లో పొగ ఉండదు.

గోబర్ గ్యాసు: నాలుగైదు గేదెలు ఉంటే రోజుకు 50 కిలోల దాకా పేడ వస్తుంది. దానితో అయిదారుగురు ఉన్న ఇంటికి వంట గ్యాసు వస్తుంది. మిగిలిన పేడనీళ్లు చేలో వేస్తే మంచి ఎరువు. పిడక చేసి కాలిస్తే పేడ బూడిద అవుతుంది. గోబర్ గ్యాసులో వేస్తే మంటా దక్కుతుంది, ఎరువూ దక్కుతుంది.

ఎండ: చాలా ఇళ్లలో గ్యాసు మీద అన్నం వండి, స్నానం నీళ్లకు మాత్రం కట్టె పొయ్యి పెడతారు. నల్ల రంగు వేసిన డ్రమ్ములో నీళ్లు పోసి, మూత పెట్టి ఎండలో ఉంచండి. మన ఎండకు మధ్యాహ్నానికల్లా కాగుతాయి.

కట్టె పొయ్యి తప్పకపోతే, పొగగొట్టం పెట్టించండి. లేదా పొయ్యిని ఆరుబయట పెట్టండి. ఎండిన కట్టె వాడండి. పప్పు నానబెట్టి, మూతపెట్టి ఉడికించండి. బిడ్డను పొయ్యి దగ్గర ఉంచకండి.

పొగ లేని కరెంటు

నాగార్జునసాగర్ మనకు తెలుసు. 1955లో పునాది రాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అది రాతితో కట్టిన ఆనకట్ట. రాళ్లు మోసిన కూలీల్లో ఆడవాళ్లు ఎందరో. కుడి కాలువ దగ్గర నీళ్లు పై నుంచి దూకి చక్రాన్ని తిప్పుతాయి. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది. పొగ లేదు. ఆ నీళ్లే కాలువలో పడి మన చేలకు పారతాయి.

కానీ వాన లేకపోతే సాగర్‌లో నీళ్లు తగ్గుతాయి. నీటి కరెంటూ తగ్గుతుంది. అప్పుడు బొగ్గు ఇంకా ఎక్కువ కాల్చాలి. అందుకే ఎండతో వచ్చే కరెంటు కూడా కావాలి. దాన్ని సోలారు కరెంటు అంటారు. ఇంటి మీద సోలారు పలకలు పెట్టుకునే వాళ్లకు సాయం చేసే కేంద్ర పథకం 2024లో వచ్చింది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ. మిగతా ఖర్చు మనది. కాగితం చదివి, ఎంత కట్టాలో తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

లెక్క చేద్దాం

1000 వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్.

పాత గుండు బల్బు 60 వాట్లు. రోజుకు 5 గంటలు, నెలకు 30 రోజులు.
60 × 5 × 30 = 9000. అంటే 9 యూనిట్లు.

ఎల్.ఇ.డి. బల్బు 9 వాట్లు. వెలుతురు దాదాపు అంతే.
9 × 5 × 30 = 1350. అంటే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు.

మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. యూనిట్లు ఎన్నో చదవండి.

వడదెబ్బ తగలకుండా

పొద్దున్నే పనికి పోండి. 12 నుంచి 3 గంటల దాకా నీడన ఉండండి. దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. నీరసంగా ఉంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. మనిషిని నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో కట్టెకు వారంలో ఎన్ని గంటలు పోతాయి? రాయండి.
2. "కట్టె ఊరికే వస్తుంది" అన్నవాళ్లకు మీరేం చెబుతారు?
3. మిరపకోతలో మధ్యాహ్నం విరామం కావాలని అందరూ కలిసి అడగగలరా?
4. మీ సంఘం నుంచి ఈ నెలలో ఒక ఇంటి పొగ తగ్గించాలంటే ముందు ఎవరిల్లు? ఎందుకు?

ఒక్కరు అడిగితే, "ఈమెకేం తెలుసు" అంటారు. పదిమంది కాగితం రాసి, సంతకాలు పెట్టి అడిగితే వింటారు. ఆ కాగితం రాయడం ఇప్పుడు మీకు వచ్చు.