కూర్మము నేర్పు అంతర్ముఖత్వము

శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మ క్షేత్రమునకు వచ్చిన భక్తులు కూర్మనాథుని సేవించి, ఆలయమున పెరుగుచున్న తాబేళ్ళను గూడ చూచియుందురు. చిన్న అలికిడి కాగానే అవి తలను, కాళ్ళను డిప్పలోనికి ముడుచుకొనును. భగవద్గీత రెండవ అధ్యాయమున, ఇంద్రియములను విషయములనుండి మరల్చుకొను స్థితప్రజ్ఞునకు ఈ కూర్మమే ఉపమానము.

దుఃఖములోనున్నవారికిని ఇది పనికివచ్చు పాఠము. అయితే లోనికి మరలుట యనగా దుఃఖమును దాచుకొనుట కాదు; అది యున్నచోట దానిని నెమ్మదిగా చూచుట.

దుఃఖము మనస్సునకు సంబంధించినదే యని తలంతుము. కాని గీత మొదటి అధ్యాయమున అర్జునుడు తన శోకమును చెప్పుకొన్న తీరు గమనింపుడు. అవయవములు పట్టు తప్పినవి, నోరు ఎండినది, ఒడలు వణకినది, చర్మము మండినది, గాండీవము చేజారినది. పతంజలి మహర్షియు దుఃఖము, నిరుత్సాహము, అంగకంపము, శ్వాస నిలుకడ తప్పుట అనువానిని చిత్తవిక్షేపమునకు తోడుగా వచ్చునవిగా చెప్పెను. చిత్తము తేరుటకు ఆయన సూచించిన ఉపాయములలో శ్వాసను విడుచు విధానమొకటి. శరీరము, ప్రాణము, మనస్సు ఒకదానితో నొకటి పెనవేసికొనియున్నవి.

నా ధర్మపత్ని గతించిన యేడు నేను గీతాప్రవచనము మానలేదు. కాని గొంతు పట్టుకొనిపోయెడిది. శ్లోకములతో ఆ బిగువును కప్పితినే గాని కరిగింపలేకపోతిని. ఒకనాటి వేకువ నాగావళి యొడ్డున కూర్చుండి, దానిని తొలగింపబూనక, అది యెచ్చట మొదలై యెంతవరకు ప్రాకుచున్నదో చూచుచుంటిని. కొంతసేపటికి కన్నీరు వచ్చెను. అదియే తొలి యూరట.

సాయంకాలము దీపము పెట్టిన పిదప పది నిమిషములు వెన్ను నిలిపి కూర్చుండుడు. బాధ గుండెలోనా, గొంతులోనా, కడుపులోనా యని వెదకి, దొరికినచోట దృష్టి నిలుపుడు. శ్వాసను తీసికొన్నదానికంటె మెల్లగా విడువుడు. ‘ఎందుకు, ఎవరివలన’ అను తలంపులు వచ్చినచో వానితో వాదింపక మరల అచ్చటికే రండు. భారము మిక్కుటమైనచో కనులు తెరచి, పాదములకు నేల తగులుటను గమనింపుడు. ఇంటివారిని తోడు పిలువుడు. ఛాతిలో నొప్పి వచ్చినను, నిద్రాహారములు తప్పినను ముందు వైద్యుని చూడవలెను. అది భక్తికి లోపము కాదు.

ఈసారి క్షేత్రమునకు వచ్చినపుడు మరికొంతసేపు నిలిచి చూడుడు. అలికిడి అణగిన పిదప తాబేలు తల చాచి, మరల తన దారిన నడచును. కూర్మనాథుడు మనకును అట్టి నడకను అనుగ్రహించుగాక.