ముందు నడుం నిలబెట్టండి

వంటగ్యాస్ సిలిండర్లో గ్యాస్ 14.2 కిలోలు. ఇనుము బరువు కూడా కలిపితే దాదాపు 30 కిలోలు. దాన్ని గుమ్మం దగ్గర్నుంచి వంటింట్లోకి చేర్చాల్సిన రోజున తెలుస్తుంది, ఎవరి నడుంలో ఎంత సత్తువుందో. చేతులు బాగానే ఉంటాయి, కాళ్లూ బాగానే ఉంటాయి, మధ్యలో పట్టేస్తుంది. ఇక వారం రోజులు బామ్, వేణ్నీళ్ల కాపడం, "వయసు మీద పడుతోంది" అని ఓ నిట్టూర్పు. అదీ ముప్పై అయిదేళ్లకే!

వయసు కాదండీ, నడిమి భాగాన్ని గాలికి వదిలేయడం. జిమ్ముల్లో 'కోర్' అంటుంటారే, అదే ఇది. పొట్ట ముందు కండరాలు, పక్కల కండరాలు, వెన్నును అంటిపెట్టుకుని ఉండే చిన్న కండరాలు, పైన ఊపిరితిత్తుల కింద డయాఫ్రం, అడుగున కటి కండరాలు. అన్నీ కలిస్తే కోర్. దీన్ని గట్టిపరచడానికి డంబెల్స్ అక్కర్లేదు, జిమ్ము ఫీజూ అక్కర్లేదు. ఆరడుగుల నేల, ఓ చాప చాలు.

చాప వేయగానే మనలో చాలామంది చేసే మొదటి పని, వెల్లకిలా పడుకుని తల వెనక చేతులు పెట్టి లేచి కూర్చోవడం. ఒకటి, రెండు, మూడు... యాభై. మెడ లాగేస్తుంది, నడుం కలుక్కుమంటుంది, పొట్ట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఉంటుంది మరి. 2011లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో ఆరు వారాలు పొట్ట వ్యాయామాలు చేయించి చూశారు. కండరాల ఓపిక పెరిగింది, పొట్ట కొవ్వు మాత్రం తగ్గలేదు. కొవ్వు సంగతి కంచం దగ్గర తేల్చుకోవాలి, చాప మీద కాదు. ఆ ఆశతో మొదలుపెట్టినవాళ్లే మూడో వారానికి విసిగి చాప చుట్టేస్తారు. కాబట్టి ఆ ఆశ ముందే వదిలేయండి.

అసలు కోర్ చేసే ముఖ్యమైన పని వంచడం కాదు, వంగిపోకుండా ఆపడం. నీళ్ల బకెట్ ఒంటిచేత్తో మోస్తుంటే ఓ పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచేది అదే. బస్సు సడన్‌గా బ్రేకేస్తే ముందు సీటు మీద పడకుండా ఆపేదీ అదే. 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ ఒక చక్కని సంగతి బయటపెట్టారు. చెయ్యి ఎత్తమన్నప్పుడు, చేతి కండరం ఇంకా పని మొదలుపెట్టకముందే పొట్ట లోపలి పొరలోని కండరం నడికట్టు కట్టినట్టు బిగుసుకుంటోంది. నడుంనొప్పి ఉన్నవాళ్లలో ఆ బిగింపు ఆలస్యమవుతోంది. దశాబ్దాలుగా లేచి కూర్చునే వ్యాయామాలు లెక్కపెట్టిన అమెరికా నౌకాదళం కూడా 2021లో ఆ పరీక్ష ఎత్తేసి, మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని పలకలా నిలిపే ప్లాంక్ పెట్టుకుంది.

ఆ లోపలి కండరాన్ని ముందు మీ వేళ్లతో పట్టి చూడండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తుంటి ఎముకలు ముందువైపు మొనదేలి తగులుతాయి. వాటికి ఓ అంగుళం లోపలగా వేళ్లు ఆనించి ఒక్కసారి దగ్గండి. వేళ్ల కింద గట్టిపడింది కదా? ఇప్పుడు దగ్గకుండానే, అంత గట్టిగా కాకపోయినా అందులో కొంత బిగువు తెచ్చుకుని, ఊపిరి మామూలుగా పీలుస్తూ వదులుతూ ఉండండి. పొట్ట లోపలికి పీల్చుకోవడం కాదిది. అది పెళ్లి ఫొటోల్లో మనమందరం చేసే పని. బిగువు ఉండగానే పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. ఊపిరి బిగబట్టారంటే దారి తప్పినట్టే, బీపీ ఉన్నవాళ్లకైతే మంచిది కూడా కాదు. మొదటి రెండు మూడు రోజులు ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

తర్వాత మూడు వ్యాయామాలు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు వెన్నెముక మీద పరిశోధించిన ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ వీటికి ప్రాచుర్యం తెచ్చారు. ఇంతకంటే తక్కువ ఆర్భాటంతో ఎక్కువ పని చేసేవి నాకు కనిపించలేదు.

మొదటిది తల ఎత్తడం. వెల్లకిలా పడుకుని ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, రెండు చేతులూ నడుం కిందున్న ఖాళీలో పెట్టుకుని, తలా భుజాలూ నేల మీంచి కాస్త లేపితే చాలు. గడ్డం ఛాతీకి తగలక్కర్లేదు. రెండోది పక్క ప్లాంక్, యోగాలో వశిష్ఠాసనానికి దగ్గరది. కొత్తవాళ్లు మోచేయి, మోకాళ్ల మీద బరువు ఆనించి నడుం ఎత్తితే సరిపోతుంది. కుడివైపు ఎంతసేపు నిలిచారో ఎడమవైపూ అంతసేపు నిలవాలి. నిలవలేకపోతే ఏ పక్క వెనకబడిందో తెలిసినట్టే.

మూడోదాన్ని ఇంగ్లీషువాళ్లు 'బర్డ్ డాగ్' అంటారు. పసిపిల్లలు పాకేటప్పుడు ఉండేట్టు అరచేతులు, మోకాళ్ల మీద ఉండి, కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాచాలి. చూడ్డానికి పిల్లలాటే. ఓ పని చేయండి. ఇంట్లో ఎవర్నైనా పిలిచి మీ నడుం మీద సగం నీళ్లున్న స్టీలు గ్లాసు పెట్టమనండి. కాలు వెనక్కి జరుపుతుంటేనే గ్లాసు ఒరిగిపోతుంది. తుంటి ఓ పక్కకి లేస్తుంది, నడుం లోపలికి జారుతుంది. ఇప్పుడు కాలు అంత ఎత్తకుండా నేలకి జానెడు ఎత్తులోనే చాచి చూడండి. మడమతో వెనకనున్న గోడను నెడుతున్నామనుకోండి. గ్లాసు నిలిచిందా, అక్కడితో ఆగండి. అదే మీ ఎత్తు. ఇన్‌స్టాగ్రాంలో అమ్మాయి కాలు ఎంత పైకెత్తిందన్నది మనకి అనవసరం.

ఒక్కో భంగిమలో పది సెకన్లు. మొదట ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగుసార్లు, మళ్లీ ఆగి రెండుసార్లు. అలసట పెరిగేకొద్దీ లెక్క తగ్గించడం మెక్‌గిల్ చెప్పే పద్ధతి. ఆరు కష్టమైతే మూడుతో మొదలుపెట్టండి.

"పది సెకన్లేనా?" అని పెదవి విరిచేవాళ్లుంటారు. 2020లో జార్జ్ హుడ్ అనే అమెరికన్ 62 ఏళ్ల వయసులో 8 గంటల 15 నిమిషాలు ప్లాంక్‌లో నిలిచి రికార్డు కొట్టాడు. ఆయనకో దండం. మనకి కావాల్సింది మాత్రం పగలంతా పనుల మధ్య నడుం వేళకి బిగుసుకోవడం, వేళకి వదులవడం. దానికి పొట్టి పొట్టి బిగింపులే మంచి సాధన.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మనం ఆపాల్సిన చోట ఆగం. పదో సెకనుకి నడుం జారిపోతున్నా పక్కింటి కుర్రాడు ముప్పై చేస్తాడని పళ్లు బిగిస్తాం. మర్నాడు ఒళ్లునొప్పులు, ఎల్లుండి సెలవు, ఆపైన చాప అటకెక్కుతుంది. '30 రోజుల ఛాలెంజ్' యాప్‌లు నాకు నచ్చనిది అందుకే, అవి ముప్పై ఒకటో రోజు గురించి ఏమీ చెప్పవు. మీ నియమం తలకిందులుగా ఉండనివ్వండి. భంగిమ చెడిన క్షణం ఆపేయాలి, ఎన్ని మిగిలినా సరే. ఇంకాస్త చేయగలిగేవాణ్నే అన్న తృప్తితో లేచినవాడే మర్నాడు మళ్లీ చాప పరుస్తాడు. పెద్ద పెద్ద తీర్మానాలు వద్దు. రోజూ తప్పక చేసే ఏదో ఒక పనికి దీన్ని ముడిపెట్టండి. సాయంత్రం స్నానానికి ముందు, లేదంటే పిల్లలు హోంవర్కుకి కూర్చున్నాక.

పొద్దున్నే లేచీ లేవగానే మాత్రం వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే ఉదయం మనం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగుంటాం కూడా. ఆ సమయంలో నడుం వంచితే డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ. లేచిన మొదటి గంటల్లో వంగడం తగ్గించినవాళ్లకి నడుంనొప్పి తగ్గినట్టు 1998లో ఒక పరిశోధన తేల్చింది. తెల్లారగానే వంగి కల్లాపి జల్లి, ముగ్గు పెట్టే మన ఆడవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పరు. నడుంనొప్పి ఉంటే ముగ్గు ఓ గంట ఆగనివ్వండి, లేకపోతే ఇంట్లో మగవాళ్లెవరైనా వేయనివ్వండి. వంకరగా వస్తే రానీండి.

ఈ మూడు వ్యాయామాలూ సులువైపోయాక దండీలకి, అంటే పుషప్‌లకి, వెళ్లొచ్చు. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని దేశాన్ని విస్తుపోయేలా చేసిన కోడి రామ్మూర్తి నాయుడి కాలంలో తాలింఖానాల్లో దండీలు, బస్కీలే పునాది. దండీ తీస్తున్నంతసేపూ నడుం పలకలా నిలవాలి. అంటే చేతుల వ్యాయామంలోనే కోర్ పని కూడా అయిపోతుంది. నేల మీద కష్టమైతే గోడకి చేతులానించి తీయండి.

కాల్లోకి నొప్పి పాకుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, హెర్నియా ఉన్నా, కాన్పై ఎక్కువ కాలం కాకపోయినా ముందు డాక్టర్‌ని అడగాలి. మూత్రం పట్టు తప్పుతుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొక్క మాట. ఇంట్లో అమ్మానాన్నలుంటే వాళ్లనీ కలుపుకోండి. కిందకి దిగలేనివాళ్లు మంచం మీదే వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుం కాస్త పైకెత్తి అయిదు సెకన్లు నిలిపినా మేలే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలగడం మనకంటే వాళ్లకే ఎక్కువ అవసరం.