ఒపెరా సోప్రానో: వేదిక మీద పాట, తరగతిలో పాఠం

ఒపెరాలో కథ ప్రధానంగా పాటలోనే నడుస్తుంది. 1600 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో రూపుదిద్దుకున్న ఈ సంగీత నాటకంలో స్త్రీ గాత్రాలన్నిటిలోకీ పై స్థాయిలో పలికేది సోప్రానో. పియానో మీద మధ్య 'సి' నుంచి దానికి రెండు స్థాయిలు పైనున్న 'సి' వరకు ఈ గాత్రం పరిధి. కథానాయిక పాత్రలు చాలావరకు సోప్రానోలవే. వాద్యబృందం మోగుతుంటే మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించేలా పాడాలి. అవకాశాలు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే ఈ రంగంలో చాలామంది పాడుతూనే గాత్రపాఠాలు చెబుతారు. బోధనకు కూడా మొదటి నుంచే సిద్ధమైనవారికి కెరీర్ నిలకడగా సాగుతుంది.

గాత్రం ఏ రకం?

సోప్రానోల్లోనూ రకాలున్నాయి. వేగమైన సంగతులు, అతితార స్వరాలు పలికించేది కొలరతురా. మోట్సార్ట్ 'మ్యాజిక్ ఫ్లూట్' (1791)లోని రాత్రి రాణి పాత్ర ఇందుకు ఉదాహరణ. మృదువుగా సాగే లిరిక్ గాత్రానికి పుచ్చిని 'లా బొహెమ్' (1896)లోని మిమీ పాత్ర నప్పుతుంది. వాగ్నర్ నాయికల్లో చాలామందికి బరువైన డ్రమాటిక్ గాత్రం కావాలి. గాత్రం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవైల చివరిదాకా పడుతుంది. డ్రమాటిక్ గాత్రాలకు ఇంకా ఆలస్యం కావచ్చు. తొందరపడి బరువైన పాత్రలు ఎత్తుకుంటే స్వరతంత్రులు దెబ్బతినవచ్చు.

చదువు, శిక్షణ

డిగ్రీ, మాస్టర్స్ స్థాయిల్లో గాత్రంతో పాటు సంగీత సిద్ధాంతం, పియానో, నటన నేర్పుతారు. ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ ఉచ్చారణ తప్పనిసరి. న్యూయార్క్‌లోని జూలియార్డ్, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్, గిల్డ్‌హాల్ స్కూల్ పేరున్న సంస్థలు. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంస్థలో 1928 నుంచి ట్యూషన్ ఫీజు లేదు, అయితే సీట్లు చాలా తక్కువ.

మన దేశంలో ఏ.ఆర్.రెహమాన్ 2008లో చెన్నైలో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీలో పాశ్చాత్య గాత్రం నేర్చుకోవచ్చు. ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షలు హైదరాబాద్‌లోనూ రాయవచ్చు. కర్ణాటక సంగీతం నేర్చినవారికి శ్రుతి, లయ జ్ఞానం అక్కరకొస్తాయి. స్టాఫ్ నొటేషన్ చదవడం, పై స్థాయిలో తలలో ప్రతిధ్వనించేలా పాడటం మాత్రం కొత్తగా సాధన చేయాలి.

వేదిక దాకా

చదువు పూర్తయ్యాక ఒపెరా సంస్థలు నడిపే యువ కళాకారుల శిక్షణలో చేరడం మామూలు దారి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరాలోని లిండెమన్, లండన్ రాయల్ ఒపెరాలోని జెట్ పార్కర్ ఇలాంటివే. అమెరికాలో ఆడిషన్‌కు సాధారణంగా వేర్వేరు భాషల్లో, వేర్వేరు శైలుల్లో అయిదు ఆరియాలు (ఒపెరాలో ఒక్కరే పాడే పాటలు) సిద్ధం చేసుకోవాలి. మొదటిది అభ్యర్థి ఇష్టం. రెండోది జాబితాలోంచి నిర్ణేతలు అడుగుతారు. కొన్ని నిమిషాల్లోనే పని అయిపోతుంది.

ఫ్రీలాన్స్ గాయనికి ప్రదర్శనకు ఇంత అని పారితోషికం ముడుతుంది. వారాల తరబడి సాగే రిహార్సళ్లకు చాలాచోట్ల విడిగా డబ్బు ఉండదు. జలుబు చేసి పాడలేకపోతే ఆ రోజు రాబడి పోయినట్టే. ఏజెంటు కమిషన్, ప్రయాణం, కోచింగ్ ఖర్చులు అదనం. జర్మనీలోని ప్రభుత్వ నిధులతో నడిచే ఒపెరా హౌసుల్లో నెలజీతంపై ఉండే బృందాలున్నాయి. కోరస్, చర్చి సంగీతం, ఒరటోరియో (నటన లేకుండా పాడే కథాగానం) కచేరీలు ఇతర ఆదాయ మార్గాలు.

బోధన

బాగా పాడేవారంతా బాగా నేర్పలేరు. స్వరపేటిక నిర్మాణం, శ్వాస, వినికిడి, బోధన పద్ధతులు విడిగా చదవాలి. పాఠం సాధారణంగా పెదవులు అదురుతూ పలికే స్వరాలతో మొదలవుతుంది. తర్వాత అయిదు స్వరాల వరసను అరస్వరం చొప్పున పైకి జరుపుతూ పాడిస్తారు. భుజాలు లేస్తున్నాయా, దవడ బిగుసుకుంటోందా, స్థాయి మారేచోట గొంతు విరుగుతోందా అని టీచర్ కనిపెడుతుంది. తప్పు వినడంతో సరిపోదు, దాని కారణం పట్టుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో గాత్ర అధ్యాపకుల నియామకాలకు మాస్టర్స్ లేదా డాక్టరేట్‌తో పాటు వేదికానుభవాన్ని చూస్తారు. ప్రైవేటు స్టూడియో పెట్టుకోవాలంటే మంచి పేరు, పియానో, నిశ్శబ్దమైన గది ఉండాలి.

ముంబయిలో పుట్టిన సోప్రానో పట్రీషియా రొజారియో గిల్డ్‌హాల్‌లో చదివారు. 1992లో జాన్ టావెనర్ ఒపెరా 'మేరీ ఆఫ్ ఈజిప్ట్'లో ప్రధాన పాత్ర పాడారు. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో బోధిస్తూనే భారతీయ గాయకుల కోసం మన దేశంలోనూ శిక్షణ శిబిరాలు నిర్వహించారు.

ఈ దారి ఎంచుకునేవారు ఇంటర్ నుంచే పియానో, ఒక యూరప్ భాష మొదలుపెట్టడం మంచిది. గొంతు బొంగురు రెండు మూడు వారాలకు మించి తగ్గకపోతే పాడటం ఆపి ఈఎన్‌టీ వైద్యులను కలవాలి.