వంటింటి అల్మారాకు నీటి ఆధారిత పూత: ఆరితే సరిపోదు

పొయ్యి పక్కనున్న అల్మారా తలుపు పడే పాట్లు ఇంట్లో మరే చెక్కకూ ఉండవు. తాలింపు ఆవిరి, నూనె తుంపర్లు, పులుసు మరకలు, సబ్బునీళ్లు, జిడ్డు చేతులు. వీటన్నిటికీ అడ్డు నిలిచేది దాదాపు వెంట్రుక మందం ఉన్న పూత ఒక్కటే.

మెలమైన్ పాలిష్ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. థిన్నర్ కలిపే పాలియురెథేన్, అంటే పీయూ, ఘాటు సంగతి తెలిసిందే. అందుకే చాలామంది నీటి ఆధారిత పూతల వైపు చూస్తున్నారు. నీళ్లతో చేసింది నీళ్లకు ఆగుతుందా అన్నది వెంటనే వచ్చే అనుమానం.

ఆగుతుంది. పాలలా కనిపించే ఆ ద్రవంలో పాలిమర్ కరిగి ఉండదు, నానోమీటర్ల పరిమాణంలో ఉండే బంతులుగా తేలుతుంటుంది. నీరు ఆవిరవుతున్న కొద్దీ బంతులు ఒత్తుకుని, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొరగా మారతాయి. ఆ పొర తిరిగి నీళ్లలో కరగదు.

అసలు చిక్కు జిడ్డుతోనే. ఒకే డబ్బాలో వచ్చే మామూలు యాక్రిలిక్ పూతలో పాలిమర్ గొలుసులు ఊరికే చుట్టుకుని ఉంటాయి. వంట నూనె, చర్మం మీది కొవ్వు ఆమ్లాలు వాటి మధ్యకు దూరి మెత్తబరుస్తాయి. హ్యాండిల్ చుట్టూ పూత జిగటగా మారి గోటికి లేచి వచ్చేది అందుకే. పసుపులోని కర్కుమిన్ నూనెలో కరుగుతుంది, నూనె దూరిన చోటికి అదీ వెళ్తుంది. సబ్బుతో రుద్దితే క్షారం తగిలి ఎర్రబారుతుంది కూడా!

గొలుసులను రసాయన బంధాలతో ముడివేస్తే ఈ చొరబాటు బాగా తగ్గుతుంది. రెండు డబ్బాల పీయూలో జరిగేది ఇదే: హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు పాలిమర్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలతో కలిసి వల అల్లుతాయి. రోజూ వంట జరిగే ఇంటికి ఇదే తగినది. అయితే ఐసోసయనేట్ నీటితోనూ చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కాబట్టి కలిపిన మిశ్రమాన్ని కొన్ని గంటల్లోనే వాడేయాలి, మందంగా కొడితే బుడగలొస్తాయి.

ఇక కొట్టే మనిషి సంగతి. 1984లో భోపాల్‌లో ప్రాణాలు తీసిన మిథైల్ ఐసోసయనేట్ ఈ కుటుంబానిదే. హార్డెనర్‌లోనివి దానిలా ఇట్టే ఆవిరయ్యేవి కావు. కానీ స్ప్రే గన్ వాటిని సన్నని తుంపరగా మార్చి ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది, దానివల్ల ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొద్ది మోతాదుకే ఆయాసం మొదలవుతుంది. ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుంటే ఆగదు. ఘాటు లేదు కదా అని వంటింట్లోనే కొట్టించకండి. తలుపులు విప్పి, గాలి లాగే ఏర్పాటున్న వర్క్‌షాపులో, తగిన రెస్పిరేటర్‌తో పని జరగాలి. అది కుదరకపోతే ఐసోసయనేట్ లేకుండా తనంతట తాను బంధాలు వేసుకునే ఒక డబ్బా రకం తీసుకోండి. మన్నిక కాస్త తగ్గినా అదే మేలు.

ముసురు రోజుల్లో నీరు త్వరగా పోదు, పొర సరిగా కుదరదు. మండుటెండలో తుంపర చెక్కను చేరకముందే ఆరి గరుకు తేలుతుంది.

పూత తాకితే అంటని స్థితికి గంటల్లోనే వస్తుంది. బంధాలు పూర్తవడానికి మాత్రం, ఉత్పత్తిని బట్టి, వారం నుంచి నెల పట్టవచ్చు. అప్పటిదాకా తడిగుడ్డతో రుద్దకూడదు. పని అప్పగించే ముందు అదే ప్లైవుడ్ ముక్క మీద కొట్టించి, అన్ని రోజులూ ఆగి, పసుపు కలిపిన నూనె, నిమ్మరసం చెరో చుక్క వేసి రాత్రంతా ఉంచండి. తుడిచాక పసుపు ఛాయ మిగిలితే కంగారు పడక్కర్లేదు, ఎండలో పెడితే కర్కుమిన్ వెలిసిపోతుంది. గోటితో నొక్కినప్పుడు గాటు పడితే మాత్రం ఆ రకం వద్దు.