సైకిల్ ఆశతో చదువొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మార్కులొస్తే సైకిల్ కొనిస్తామన్నా పుస్తకం పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: సైకిల్ ఆశ పరీక్షల దాకానేనమ్మా. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసీ విద్యార్థులకు పజిళ్లిచ్చి చూసి, 1971లో ఫలితాలు ప్రచురించారు. డబ్బు తీసుకుని చేసినవాళ్లకు, డబ్బు ఆగాక ఆసక్తి తగ్గింది. ఆసక్తి నిలవాలంటే మనిషికి కావాల్సింది తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, నావాళ్లున్నారన్న ధీమా. ముందు లెక్కలా, సైన్సా అన్నది వాడినే తేల్చుకోనివ్వండి. ‘ఎన్నొచ్చాయి?’ అని అడిగే బదులు, తప్పిన లెక్కలో ఏ మెట్టు దాకా సరిగ్గా చేశాడో చూసి చెప్పండి. టీచర్లకూ అంతే, పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఒక్కటే అడిగే బడిలో వాళ్ల ఉత్సాహమూ చల్లారిపోతుంది. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు, మీవాడికి బాగా అర్థమైన పాఠం ఏదో చెప్పి మాస్టారిని మెచ్చుకోండి.