తిండిగింజలపై పన్ను – అచౌర్యాణువ్రతము

బియ్యము, పప్పు వంటి నిత్యావసరములపై పన్నే ఉండరాదని మన అంగళ్లలో తరచు వినబడుచుండును. ఈ వాదము క్రొత్తది కాదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగమందలి 286వ అధికరణము దీనికి కొంత చోటిచ్చెను. సంఘజీవనమునకు అత్యవసరములని పార్లమెంటు ప్రకటించిన సరుకులపై రాష్ట్రము పన్ను వేయదలచినచో, ఆ శాసనమునకు రాష్ట్రపతి సమ్మతి కావలెను. 1952లో ధాన్యములు, పప్పులు అట్లు ప్రకటింపబడినవి. కాని పూర్వశాసనములకు ఆ కట్టడి తగులలేదు. 1939 నాటి మద్రాసు అమ్మకపు పన్ను నడచుచునే యుండెను. 1956లో ఆరవ సవరణ ఆ నిబంధననే తీసివేసెను.

జి.ఎస్.టి. వచ్చిన 2017లో బ్రాండు పేరుగల ధాన్యమునకే పన్ను. 2022 జూలై 18 నుండి, 25 కిలోల వరకు ముందుగా కట్టి వివరములు ముద్రించిన సంచులన్నింటికి నూటికి 5 వంతున పడెను. విడిసరుకునకు లేదు. వెంటనే 26 కిలోల బస్తాలు బజారుకు వచ్చినవి! నెలకొక బస్తా కొనగల యిల్లు తప్పించుకొనెను. కిలో పొట్లము కొనువాడు చెల్లించెను. పన్ను వలదనువారికి ఇదియే గట్టి ఆధారము. అయితే మినహాయింపు నిచ్చిన సరుకునకు సంచిపై కట్టిన పన్ను తిరిగి జమ కాదు, ధరలో కలిసిపోవును. కనుక రద్దయిన మేరకు ధర తగ్గునని కొనువారికి మాట యిచ్చుట తొందరపాటు.

ఇక వ్రతము మాట. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో అచౌర్యమునకు చెప్పిన ఐదు అతిచారములలో మూడవది విరుద్ధరాజ్యాతిక్రమము. రాజశాసనమును మీరి చేయు వర్తకమని దీనికి అర్థము చెప్పుదురు. 26 కిలోల బస్తా ఇందులోనికి వచ్చునా? రాదనియే నా తలంపు; గీత గీసినది చట్టమే గదా. పన్ను రద్దు కావలెనని మహజరు వ్రాయుటయు దోషము కాదు. కొనువానివద్ద 5 వంతులు పుచ్చుకొని, చిట్టాకెక్కించక దాచుకొనుట మాత్రము నిస్సంశయముగా ఇందులోనిదే. పన్ను అన్యాయమైనదను వాదము అక్కడ పనికిరాదు, ఆ సొమ్ము కొనువానిది, పోవలసినది ఖజానాకు.

విడిగా అమ్మినచో పన్ను లేదని సంతోషించువారు మరియొకటి గమనింపవలెను. కట్టిన సంచిపై తూకము అచ్చువేసి యుండును. విడిసరుకు మరల మన తక్కెడమీదికి వచ్చును. నాల్గవ అతిచారమైన హీనాధికమానోన్మానము, అనగా తప్పుడు కొలత, అక్కడనే యున్నది.